నురగ మీద నేను పెట్టిన కేసు

చల్లటి కాఫీ చేస్తానని నా కూతురు అన్న రోజు నేను మొదట అడిగిన ప్రశ్న, "ఎందుకు?" అని. మా ఇంట్లో కాఫీ జ్వరం వచ్చినవాళ్లకు ఇచ్చేది. మిగతా అందరికీ, అన్ని పూటలా చాయే. వేడిగా తాగాల్సినదాన్ని పనిగట్టుకుని చల్లార్చి, మంచు ముక్కలు వేసి, పైన ఐస్‌క్రీమ్ పెట్టి తాగడం ఏ అవసరం కొద్దీ పుట్టిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అనుమానించడం అప్పటికే నాకు పాతికేళ్ల అలవాటు.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందటి వేసవి అది. నారాయణఖేడ్‌లో బస్సు డిపో వెనక గల్లీ మాది. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్న నా కూతురు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది. బ్యాగులోంచి పుస్తకాలకంటే ముందు ఒక కాఫీ పొడి సీసా, ఒక చాక్లెట్ పొడి డబ్బా బయటికి తీసింది. స్నేహితురాలి ఇంట్లో నేర్చుకున్నదట.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని. ఆదివారాల్లో మా ఆవిడ చర్చికి వెళితే, నేను ఒక రేకు పెట్టె పట్టుకుని బస్సెక్కేవాణ్ని. మనూర్, నాగల్‌గిద్ద, ఎక్కడ పిలిస్తే అక్కడికి. నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎట్లా కారుతుందో, నాలుక మీద కర్పూరం ఎట్లా వెలిగించవచ్చో జనం ముందు చేసి చూపించి, ఇందులో మహిమ లేదు, మందు ఉంది, మోసం ఉంది అని గొంతు చించుకుని చెప్పేవాణ్ని. చివర ఒక మాట తప్పకుండా అనేవాణ్ని: ఎవరు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా నమ్మకండి. అందులో రెండో ముక్కను ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా పట్టించుకోలేదు.

మధ్యాహ్నం కరెంటు రాగానే అమ్మాయి పని మొదలుపెట్టింది. పొద్దున కాచి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు మీగడతో సహా మిక్సీలో పోసింది. కాఫీ పొడి, చాక్లెట్ పొడి, మూడు చెంచాల చక్కెర, ఇంకో చెంచా చక్కెర, మంచు ముక్కలు. మిక్సీ రాళ్లు నమిలినట్టు అరిచింది. ఈలోగా చాక్లెట్ పొడిని కాస్త నీళ్లతో చిక్కగా కలిపి గ్లాసుల లోపలి గోడలకు గీతలు గీసింది. అది తాగడానికా, ముగ్గు వేయడానికా అని అడిగాను. తల్లీకూతుళ్లు నా వైపు చూసి నవ్వుకున్నారు. పోసిన తర్వాత బస్టాండు దగ్గర బేకరీ నుంచి తెచ్చిన ఐస్‌క్రీమ్ ఒక గరిటెడు పైన పెట్టింది. గరిటెడు ఐస్‌క్రీమ్ మునగలేదు. నురగ మీద కూర్చుంది.

నా అనుమానం అక్కడ మొదలైంది. గ్లాసులో పై సగం నురగే. వేళ్లు పెట్టి కొలిచాను, నాలుగు వేళ్ల ఎత్తు. వాళ్లిద్దరూ తాగేశారు. మా ఆవిడ పెదవి మీది చాక్లెట్ తుడుచుకుంటూ, కరిగిపోతున్నది తాగమని రెండుసార్లు చెప్పింది. నేను తాగలేదు. గోడ గడియారం చూస్తూ గ్లాసుకు కాపలా కాశాను. అరగంట తర్వాత ఐస్‌క్రీమ్ కరిగిపోయింది. నురగ మాత్రం ఎక్కడిదక్కడే నిలబడి ఉంది.

పాలలో సబ్బు పొడి కలుపుతున్నారన్న వార్తలు ఆ రోజుల్లో తరచూ వచ్చేవి. నా ఆదివారం సభల్లో దానికి ఒక పరీక్ష కూడా చెప్పేవాణ్ని: సీసాలో పాలు పోసి గట్టిగా ఊపండి, నురగ లేచి నిలిస్తే సబ్బు ఉన్నట్టే. ఆ పరీక్ష ఎక్కడో చదివాను. ఎప్పుడూ చేసి చూడలేదు.

"కాఫీని కొడితే నురగ వస్తది డాడీ," అన్నది అమ్మాయి.

ఇంత రాదన్నాను. ఎంత వస్తుందో నాకేం తెలుసు? అయినా అన్నాను.

మా గల్లీలో ఎనిమిది ఇండ్లకు ఒకే మనిషి పాలు పోసేది. మనూర్ దారిలోని ఒక చిన్న ఊరి నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో క్యాన్ పట్టుకుని వచ్చేది. నలభై దాటిన రైతు ఇంటి ఆడమనిషి. కంది, జొన్న పండే కొద్దిపాటి నేల, రెండు బర్రెలు. ఆరేళ్లుగా మాకు పోస్తున్నది. ఆరేళ్లలో ఒక్క రోజు నీళ్లు కలిపిందని మా ఆవిడ అనలేదు. అయినా నాకు అదంతా లెక్కలోకి రాలేదు. ఆరేళ్ల నమ్మకమంటే ఆరేళ్లు మోసపోవడం కూడా కావచ్చు కదా అన్నది నా తర్కం. బాబాల భక్తులతో నేను వాదించేటప్పుడు వాడే తర్కమే అది.

మర్నాడు పొద్దున ఆమె పోసిన పచ్చిపాలలోంచి కొన్ని తీసి, శుభ్రంగా కడిగిన సీసాలో పోసి దాచాను. సాయంత్రం కరెంటు పోయి అందరూ గాలి కోసం గల్లీలోకి వచ్చి కూర్చున్నప్పుడు, నా అరుగు మీద నిలబడి సీసా ఊపాను. నురగ మూత దాకా లేచింది. గోడ మీద పెట్టాను. నిలిచింది. ఎదురింట్లో ఉండే డిపో కండక్టర్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఇక ఉపన్యాసం అందుకున్నాను. తెల్లగా ఉన్నదల్లా స్వచ్ఛం అనుకునే జాతి మనదన్నాను. దేవుడి పేరుతో మోసం చేసేవాణ్ని గుడి దగ్గర పట్టుకోవచ్చు, గుమ్మం దగ్గరికి వచ్చి మోసం చేసేవాళ్లను పట్టుకునేదెవరు అని అడిగాను. చాలా బాగా మాట్లాడాను. ఆ మాటలు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు, అందరి ఇండ్లలోనూ ఆమె పాలే.

తెల్లవారి ఆమె వచ్చేసరికి ఆరు ఇండ్లలో వద్దన్నారు. చుట్టాల ఊరికి పోతున్నామన్నారు ఒకరు. పాలు పడటం లేదన్నారు ఇంకొకరు. చివరింటి పెద్దమ్మ మాత్రం అసలు సంగతి చెప్పేసింది.

ఆమె మా గేటు ముందు క్యాన్ దించింది. కేకలు వేస్తుందని ఎదురుచూశాను, వేయలేదు.

"సారు, నన్ను బద్నాం చేసినవంట," అన్నది.

పరీక్షలో తేలిందే చెప్పానన్నాను.

"పరీక్షల నేనున్ననా? నన్ను అడిగినవా?"

ఆమె క్యాన్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మా అత్త ఎప్పటి నుంచో ఒక బర్రెను అమ్ముమంటున్నది. ఎనిమిదిండ్లున్నయని నేను ఆపుతున్న. నేను కన్నబిడ్డ లెక్క సాదిన బర్రె గది. ఇండ్లు పోతే ఇగ బర్రె పోతది. ఈ మంగళవారం అంగడికి తోలుతరు."

క్యాన్ ఎత్తుకుని వెళ్లిపోయింది. మా ఇంట్లో గిన్నె ఖాళీగా ఉండిపోయింది. ఆ రోజు మా ఆవిడ నాకు పాలు లేని చాయ్ ఇచ్చింది.

మధ్యాహ్నం కరెంటు లేదు. నా కూతురు వంటింట్లో ఒక గిన్నెలో ఏదో చెంచాతో కొడుతున్నది. టకటకమని ఆగకుండా పావుగంట. నేను పేపర్ చదువుతున్నట్టు కూర్చున్నాను గానీ ఆ చప్పుడు నన్నే ఉద్దేశించిందని తెలుస్తూనే ఉంది. చివరికి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. లోపల లేత గోధుమ రంగులో, వెన్నలాగా, చిక్కటి నురగ. గిన్నె తలకిందులు చేసి పట్టుకుంది. కారలేదు.

ఇందులో ఏముందో చెప్పమంది. పాలు అన్నాను. లేవంది. కాఫీ పొడి, చక్కెర, రెండు చెంచాల వేడినీళ్లు. అంతే. కరెంటు లేనప్పుడు ఈ కాఫీ ఇట్లాగే చేస్తారట. ముందు దీన్ని కొట్టి, తర్వాత చల్లటి పాల మీద వేస్తారట.

అయినా వాదన వదలలేదు. కాఫీ సంగతి సరే, సీసాలో పోసింది ఉత్త పాలే కదా, దానికి నురగ ఎట్లా వచ్చిందన్నాను.

"మంచి పాలు పోసి ఊపి చూసినవా? మంచి పాలకు రాదని నీకెట్ల తెలుసు?"

పరీక్ష చేస్తే పక్కన పోల్చడానికి ఇంకోటి ఉండాలని ఇరవై ఏళ్లు బ్లాక్‌బోర్డు మీద రాసినవాణ్ని నేను. ఒక బాబా విభూతి వాడితే జ్వరం తగ్గిందని ఎవరైనా అంటే, విభూతి వాడనివాడికి తగ్గలేదా అని అడిగేవాణ్ని. ఆ ప్రశ్న నన్ను నేను అడగలేదు.

ఎందుకు అడగలేదో కూడా చెప్పాలి. మా అమ్మ కందిచేలల్లో కూలికి వెళ్లేది. మా ఇంట్లో పాలు ఉండేవి కావు, బెల్లం వేసిన నల్ల చాయ్ మాత్రమే. మిషన్ హాస్టల్లో పాలంటే పొడి కలిపిన నీళ్లు. బర్రెలున్న ఇండ్ల కొట్టాల్లోకి మా వాడ పిల్లల్ని రానిచ్చేవారు కాదు. పాలు పితకడం దూరం నుంచి, గోడ మీది నుంచి చూశానేమో గానీ, గిన్నెలోకి తొంగి చూసింది లేదు. ఈ ప్రాంతంలో పుట్టిన ఏ రైతుబిడ్డా చేయని పొరపాటు నేను చేయడానికి అది ఒక కారణం. దాన్ని సాకుగా చెప్పడం లేదు. తెలియదని ఒప్పుకోవడం నా చేతిలో ఉన్న పనే.

ఆ సాయంత్రమే ఆ సీసానే మళ్లీ అట్లాగే కడిగి, సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఇల్లు అడుగుతూ పోతే, వాకిట్లో కూర్చున్న ముసలామె, అత్తగారై ఉంటుంది, ఎవరు, ఎవరింటివాడివి, ఏం పని అని వరసగా అడిగింది. పాల సంగతి అనగానే, బర్రెను చూడటానికి వచ్చిన బేరగాడిననుకుని ముఖం విప్పారింది. కాదని తెలిశాక మళ్లీ ముడుచుకుంది.

పాలామె కొట్టంలోంచి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నా ముందు పితికి చూపించమని అడిగాను.

"నాకోసం వచ్చినవా, నీకోసం వచ్చినవా?"

నాకోసమే అన్నాను. అది నిజం. మొదటిసారి సరైన జవాబు చెప్పినట్టున్నాను, లోపలికి రమ్మన్నది.

కొట్టం గడప దగ్గర నా కాళ్లు ఆగాయి. ముసలామె వాకిట్లోంచి చూస్తున్నది. ఎవరూ ఏమీ అనలేదు. యాభై దగ్గర పడుతున్న మనిషిని, దేవుడితోనే తగువు పెట్టుకున్నవాణ్ని, నాకు ఒక గడప దాటడానికి అంతసేపు పట్టింది. పాలామె వెనక్కి చూసి, "నిలబడితే పాలు నీ దగ్గరికి రావు సారు," అన్నది. దాటాను.

సంచిలోంచి సీసా తీశాను. ఆమె అందుకుని వెలుగులో పెట్టి చూసింది, మూత తీసి వాసన చూసింది.

"దేనితోని కడిగినవ్?"

ఆ ప్రశ్న అర్థమయ్యే లోపే నా నోరు జవాబు చెప్పేసింది. సబ్బు పొడితో.

ఆమె నవ్వలేదు. సీసా నా చేతిలో పెట్టి, అక్కడ తొట్టిలో నీళ్లున్నాయి, నాలుగుసార్లు కడిగి, కడిగిన నీళ్లు ఊపి నాకే చూపించు అన్నది. మొదటి నీళ్లకు చిన్న బుడగలు తేలాయి. నేను పాలలో వెతికిన సబ్బు నా సీసాలోనే ఉంది. నాలుగోసారికి బుడగలు పోయాయి.

దుడ్డెను, బర్రె దూడను, తల్లి దగ్గరికి విడిచింది. అది కాసేపు చీకిన తర్వాత పక్కన కట్టేసి, బర్రె పొదుగు నీళ్లతో కడిగి, మోకాళ్ల మధ్య ఖాళీ గిన్నె పెట్టుకుంది. ఖాళీ గిన్నెను ముందు నాకు చూపించింది, నేను జనానికి ఖాళీ చేతులు చూపించినట్టు. మొదటి ధారలు గిన్నె అడుగున చర్రుమన్నాయి. తర్వాత ఆ చప్పుడు మెత్తబడింది. ఎందుకంటే ధారలు పాల మీద పడటం లేదు, నురగ మీద పడుతున్నాయి. గిన్నె నిండేసరికి పైన తెల్లటి గుట్ట లేచి అంచు దాటింది. దాన్ని నేను ఊపలేదు, ఎవరూ ఏమీ కలపలేదు. అది బర్రె కింద నుంచే అట్లా వచ్చింది. కడిగిన సీసాలో ఆ పాలే పోసి ఊపాను. అరుగు మీద లేచినంత కాకపోయినా, లేచింది, నిలిచింది.

"ఇప్పుడు నాకు సమజ్ అయింది," అన్నాను.

"నీకైతే ఏం లాభం? గల్లీకి గావాలె."

ఆ రాత్రికి ఆగకుండా వెళ్లి ప్రతి తలుపూ తట్టాను. తప్పు నాదని, సీసా నాదని, సబ్బు నాదని చెప్పాను. నా నిజాన్ని ఒక్క సాయంత్రంలో నమ్మినవాళ్లు, నా తప్పును మాత్రం నమ్మలేదు. నిన్న సబ్బు అన్నావు, ఇవాళ కాదంటున్నావు, ఈ మధ్యలో ఏం జరిగింది అని ఒకాయన ఆరా తీశాడు. వాళ్ల ఊరికి పోయి వచ్చావట కదా అని పెద్దమ్మ కళ్లు చికిలించింది. అట్లా అనుమానించమని వాళ్లకు నేర్పింది నేనే. ఇంత మంచి విద్యార్థులు నాకు బడిలో దొరకలేదు.

ఇక మిగిలింది అరుగే. సోమవారం సాయంత్రం, పశువుల అంగడికి ఒక రోజు ముందు, అరుగు మీద మూడు సీసాలు పెట్టాను. ఉత్త నీళ్లతో, అందరి ముందు కడిగాను. ఒకదానిలో ఆ పొద్దున అడిగి పోయించుకున్న పాలామె పాలు, ఒకదానిలో కొట్టు నుంచి తెచ్చిన ప్యాకెట్ పాలు, మూడోదానిలో కండక్టరే వాళ్ల అక్క ఇంటి నుంచి పట్టుకొచ్చిన ఆవుపాలు. మూడూ ఊపాము. మూడింటికీ నురగ వచ్చింది. నేను ఊపిరి పీల్చుకుని, చూశారా, నురగ పాల గుణం అనబోయాను.

"అంటే ప్యాకెట్‌ల గూడ సబ్బున్నదా సార్?" అన్నాడు కండక్టర్. ఒక్క క్షణం ఆగి, "మా అక్క గూడనా?"

జనం నవ్వారు గానీ, ఆ నవ్వులో భయం కూడా ఉంది. ఉపన్యాసాన్ని పక్కన పెట్టి అమ్మాయిని పిలిచాను. ఆమె పాలు లేకుండా, అందరి కళ్ల ముందు, కాఫీ పొడీ చక్కెరా వేడినీళ్లతో నురగ కొట్టింది. మొదట నల్లగా, తర్వాత ఇటుక రంగులో, చివరికి పాలమీగడ రంగులో అది మారుతుంటే ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. చేతులు నొప్పి పుడుతున్నాయని ఆగితే ఇంకొకామె గిన్నె అందుకుంది. నీళ్లకే ఇంత నురగ వస్తే పాలకు రాదా అని ఆమే అన్నది. నేను అనాల్సిన మాట. ఆమె నోట్లోంచి వచ్చింది కాబట్టి నిలబడింది.

తర్వాత మంచు ముక్కలు, పాలామె పాలు, మీద ఆ నురగ, దాని మీద బేకరీ ఐస్‌క్రీమ్. గ్లాసులు నిండాయి. ఎవరూ ముట్టుకోలేదు. పెద్దమ్మ ఒక గ్లాసు తీసి నా చేతికిచ్చి, "ముందుగాల నువ్వు తాగు బిడ్డా. పూరా తాగు. సగం ఇడిచి పెట్టకు," అన్నది. అందరూ నా గొంతు వైపు చూస్తుండగా ఆ గ్లాసు ఖాళీ చేశాను. చాలా బాగుంది. అంత బాగున్నదేదీ ఒంటికి మంచిది కాదని నా అనుమానం, ఇప్పటికీ పోలేదు.

మా ఇంటితో కలిపి ఐదు ఇండ్లు పాలామెకు తిరిగి దక్కాయి. రెండిండ్లవాళ్లు ప్యాకెట్‌కు అలవాటు పడిపోయారు. కండక్టర్ ఏ పాలనూ నమ్మలేక నల్ల చాయ్‌కి మారాడు, ఎదురింట్లోనే ఉంటూ నన్ను చూసి కప్పు ఎత్తి చూపించేవాడు. మంగళవారం బర్రె అంగడికి పోలేదని ఆమె బుధవారం మా ఆవిడకు చెప్పిందట. కానీ ఐదిండ్లతో రెండు బర్రెలు నిలబడవు. అత్త ఇంకో వారం గడువు ఇచ్చిందట.

ఆ వారంలోనే ఆమె తహసీల్ ఆఫీసు వెనక కొత్తగా మూడు ఇండ్లు చూసుకుంది. ఎవరినీ సాయం అడగలేదు. ఐదు మళ్లీ ఎనిమిదయ్యాయి, బర్రె కొట్టంలోనే ఉండిపోయింది. ఆ సంగతి తెలిసిన పొద్దున నేను గేటు దగ్గర కాచుకుని ఉన్నాను. ఆ ఇండ్లవాళ్లకు నేనూ వచ్చి చెబుతాను, నీ పాలు స్వచ్ఛమైనవని, నా కళ్లతో చూశానని చెబుతాను అన్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను.

ఆమె మా గిన్నెలో పాలు పోసి, క్యాన్ మూత బిగించింది.

"నువ్వు రాకు సారు," అన్నది. "నువ్వొస్తే పాలల్ల ఏందో ఉన్నదనుకుంటరు."